సీసం పోసిన తుపాకి

అడవిదున్న వేటకి వెళ్లొచ్చిన తెలుగువాళ్లు మనలో ఎక్కువమంది ఉండరు. ఉన్నా చెప్పుకోరు. నేను చెబుతున్నాను, ఎవరికైనా ఎప్పుడైనా పనికొస్తుందేమోనని. ముందే ఒక సలహా: తుపాకి ఎంత బరువుండాలో మొగుణ్ణి మాత్రం అడక్కండి.

బయల్దేరకముందు

అంతా లాటరీతో వచ్చింది. మా ఆయన శ్రీకాంత్‌ది కరీంనగర్. అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊళ్లో ఇద్దరం సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లం. అతనికి హెచ్‌వన్ వీసా లాటరీ రెండేళ్లు వరసగా తగల్లేదు, మూడో ఏడు తగిలింది. అప్పట్నుంచి ఎక్కడ ఏ లాటరీ కనబడినా పేరు వేయకుండా ఉండలేడు. సౌత్ డకోటాలో ఒక పార్కు వాళ్లు దున్నల మంద మరీ పెరిగిపోకుండా ఏటా కొద్దిమందికి లాటరీలో వేట పర్మిట్లు ఇస్తారని ఆఫీసులో ఎవరో లింకు పంపారు. తన పేరుతో పాటు నా పేరూ వేశాడు.

"పేరేస్తే పోయేదేమున్నది వసూ" అన్నాడు.

తన పేరు రాలేదు. వసుంధర పేరు వచ్చింది. జన్మకి ఒక్కసారే ఇస్తారట, ఇంకొకరి పేరుకి మార్చరట. గ్రీన్ కార్డు లైన్లో మా ముందు ఎంతమంది ఉన్నారో ఆ దేవుడికి కూడా తెలియదు గానీ, దున్నల లైన్లో మాత్రం నేనే ముందున్నాను.

ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, నేను వేటకి వెళ్తున్నా" అన్నాను.

మా నాన్నది తాడేపల్లిగూడెంలో మాంసం కొట్టు. బెంటన్‌విల్‌లో ఎవరైనా అడిగితే "మా నాన్నకి బిజినెస్" అంటాను. అబద్ధమేం కాదు. మా వైపు మేకపోతు మాంసాన్ని వేట మాంసం అంటారు. వేటంటే ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని లైన్లో నిలబడడమే.

"ఎక్కడికమ్మా?" అన్నాడు నాన్న.

"సౌత్ డకోటా. కార్లో మూడు రోజులు పడుతుంది."

"వేటకి మూడు రోజులేంటే! మీ ఊళ్లో కొట్టు లేదా?"

"ఆ వేట కాదు నాన్నా. తుపాకితో."

"తుపాకితో కొడితే మాంసం పాడైపోద్ది కదమ్మా" అన్నాడు. జంతువు ఎంత తూగుతుందని అడిగాడు. ఆడదున్న, నాలుగొందల కిలోలుంటుందన్నాను. "పదిహేను పోతులు" అన్నాడు, ఈసారి గొంతులో మర్యాద ఉంది. తర్వాత నాన్న కొట్టులో మాట్లాడే గొంతుతో చెప్పాడు: "ఒక్క వేటుకి పడిపోవాలమ్మా. రెండోది కొట్టాల్సొస్తాదని అనుమానం ఉంటే అసలు కొట్టకు. దాని ఉసురు ఊరికే పోదు."

నాన్న ఎప్పుడూ అంతే. కొట్టులో రెండో వేటు పడిన రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. అందుకని నేనూ ఒక లెక్క పెట్టుకున్నాను. వేటకి ముందురోజు వంద గజాల దూరంలో పేపర్ ప్లేట్ పెట్టి మూడు తూటాలు కాల్చాలి. మూడూ ప్లేట్‌లో పడితే వేటకి వెళ్తాను. ఒక్కటి బయటికి పోయినా, దున్నని దూరం నుంచి చూసి, దండం పెట్టి, ఇంటికొచ్చేస్తాను. శ్రీ ఒప్పుకున్నాడు. మనసులో మాత్రం మూడూ పడతాయనే అనుకుని మోటెళ్లు బుక్ చేసేశాడు.

తుపాకి కొన్న సంగతి

హెచ్‌వన్ మీద ఉన్నవాళ్లకి మామూలుగా తుపాకి అమ్మరు. హంటింగ్ లైసెన్స్ ఉంటే అమ్మొచ్చట. నేను క్లాసుకెళ్లి లైసెన్స్ తీసుకున్నాను. ఆ క్లాసులో నాకు తప్ప ఇంకెవరికీ మీసాలు మొలిచే వయసు రాలేదు, నాకు మొలవవు. తుపాకి సంచీ మోయాలన్నా లైసెన్స్ ఉండాల్సిందేనని తెలిసి శ్రీ కూడా తీసుకున్నాడు. ఈ దేశంలో అతను అతి తక్కువ కాయితాలతో సంపాదించిన హక్కు అదే.

దున్నకి చిన్న తూటా పనికిరాదు. బొటనవేలంత లావు తూటా కావాలి, దానికి తగ్గ పెద్ద గొట్టం తుపాకి కావాలి. తుపాకుల కొట్టులో సేల్స్‌మాన్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా ఎత్తు అయిదడుగులు. "లేడీస్‌కి తేలికదే బాగుంటుంది" అన్నాడు. శ్రీ జేబులోంచి లగేజీ తూకం తీశాడు.

అమెరికాలో ప్రతి తెలుగింట్లో అది ఉంటుంది. కొక్కేనికి సూట్‌కేసు తగిలించి పైకెత్తితే ఎన్ని కిలోలో చూపించి కీక్‌మంటుంది. ఇరవైమూడు కిలోలు దాటితే ఎయిర్‌పోర్టులో నేలమీద కూర్చుని పచ్చళ్లు బయటికి తీయాలి. అందుకని మా జాతికి బరువంటే తగ్గించాల్సిన వస్తువు. పెరిగితే మంచిదని మేం ఒప్పుకునేది బంగారం ఒక్కటే. శ్రీ ఎనిమిది తుపాకుల్ని, బెల్టు తగిలించే రింగుకి కొక్కెం పెట్టి, ఒక్కొక్కటీ తూచాడు. సేల్స్‌మాన్ చేతులు కట్టుకుని చూశాడు. ఎక్సెల్ షీట్‌లో ఎనిమిదింటి బరువులూ ఎక్కాయి. అన్నిటికంటే తేలికది మూడు కిలోల రెండొందల గ్రాములు. దానికి శ్రీ ఆకుపచ్చ రంగు వేశాడు.

"గుట్టలెక్కాలె, నడవాలె. తక్కువుంటెనే నీకు సుఖం" అన్నాడు.

మాట బాగానే ఉంది. ఆ శనివారం కాల్పులు నేర్చుకునే రేంజ్‌కి వెళ్లి మొదటి తూటా కాల్చాను. గాడిద తన్నినట్టు తన్నింది. కళ్లముందు నక్షత్రాలు. రెండోసారి ట్రిగ్గర్ మీద వేలు పెట్టేసరికే ఒళ్లు బిగుసుకుపోయింది. మూడోసారి కాల్చినప్పుడు తుపాకి ఎటు చూస్తోందో నాకు తెలియదు. భుజం వంకాయ రంగుకి తిరిగింది. పేపర్ ప్లేట్ మీద మాత్రం గీత కూడా పడలేదు. ఇంటికి తెచ్చి అందులోనే ఇడ్లీ తిన్నాం.

"అలవాటైతది" అన్నాడు శ్రీ. అతను కాల్చలేదు.

మరో మూడు వారాలు వెళ్లాను. నాలుగో వారం ప్లేట్‌కి ఒక చిల్లు పడింది. అది కూడా అంచున.

మొదటి రోజు: సితార్

నవంబర్‌లో బయల్దేరాం. మిస్సోరీ దాటి నెబ్రాస్కాలో అడుగుపెట్టేసరికి సాయంత్రమైంది. మోటెల్ నడిపేది గుజరాతీ ఆంటీ. మా పేర్లు చూడగానే, "మోటెల్‌లో వంట చేయకండి, అలారం మోగుద్ది, నేనే తెస్తాను" అని ఖిచిడీ, మజ్జిగ, వేయించిన అప్పడాలు తెచ్చింది. ఆవిడ భాష ఇంగ్లీషు, హిందీ, ప్రేమ కలిసిన భాష. ఉల్లిపాయ కూడా తినని ఇల్లట. ఎక్కడికని అడిగింది.

"దున్నల్ని చూడడానికి ఆంటీ" అన్నాడు శ్రీ. అదీ అబద్ధం కాదు.

పొద్దున్న సామాను కార్లో పెడుతుంటే ఆవిడ బయటికొచ్చి నల్లటి పొడుగు పెట్టెని చూసింది. "సితారా?" అంది నాతో.

నేను నోరు తెరిచేలోపల శ్రీ, "అవునాంటీ, నేర్చుకుంటుంది" అన్నాడు.

ఆంటీ మొహం వెలిగిపోయింది. ఈ దేశంలో కూడా వదలకుండా నేర్చుకుంటున్నావా అని నా తలమీద చెయ్యి పెట్టింది. "రోజూ సాధన చెయ్యి బేటా. చెయ్యి వణక్కూడదు, అంతే" అంది. ఆవిడకి తెలియకుండానే నాకు కావలసిన దీవెనే ఇచ్చింది. శ్రీ కంగారులో డిక్కీ దగ్గర పెట్టెని జారవిడిచాడు. ధన్‌మంది. ఆంటీ గుండెమీద చెయ్యి వేసుకుని, "తీగలు జాగ్రత్త" అంది.

కార్లో శ్రీ పాటలు పెట్టాడు, నేను ఆపేశాను. ఖిచిడీ తిన్న పాపం అలా ఉంటుంది.

రెండో రోజు: లొరేన్ కొట్టు

నెబ్రాస్కా పడమటి వైపు గడ్డి తప్ప ఇంకేం లేదు. గడ్డి కప్పుకున్న ఇసుక గుట్టలు, గంటకో ఇల్లు, ఎదురొచ్చే ప్రతి కారువాడూ స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. మన ఊళ్లలో "ఎక్కడికి, ఎవరింటికి, ఏం పని" అని అడిగే మూడు ప్రశ్నలనీ వీళ్లు ఒక్క వేలుతో కానిచ్చేస్తారు. మధ్యాహ్నం ఒక ఊళ్లో క్యాబేజీ, గొడ్డుమాంసం కూరిన బన్ను ఇక్కడి ప్రత్యేకమన్నారు. శ్రీ గొడ్డుమాంసం లేకుండా ఇమ్మన్నాడు. ఎనిమిది డాలర్లు తీసుకుని బన్నులో ఉడికించిన క్యాబేజీ ఇచ్చారు.

అక్కడే పెట్టె తెరిచి చూశాను. పొద్దున్న కిందపడినప్పుడు గురి చూసే స్కోప్ మర ఊడి పక్కకి ఒరిగింది. బన్నులమ్మాయి రోడ్డవతల బోర్డు చూపించింది: "తుపాకులు, కుట్టుమిషన్లు బాగుచేయబడును."

కొట్టు లొరేన్ అనే ఆవిడది. డెబ్భై ఏళ్లుంటాయి. నాకంటే రెండంగుళాలు పొట్టి. ఏప్రన్ జేబునిండా మరలు. స్కోప్ బిగించి, "గురి సరిచూడాలి, వెనక దొడ్లో కాల్చు" అంది. దొడ్లో వంద గజాల దూరాన మట్టిగుట్ట, దానికి పేపర్ ప్లేట్. ఆవిడే తుపాకిలో తూటా వేసి నా చేతికిచ్చింది. నేను ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను.

టిక్‌మంది. తూటా లేదు. ఆవిడ వేసినట్టు నటించిందంతే. పేలని తుపాకికి నేను జానెడు ఎగిరిపడ్డాను. కళ్లు మూసుకున్నాను, గొట్టం నేలచూపులు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"నువ్వు దున్నకి భయపడట్లేదు" అంది లొరేన్. "తుపాకికి భయపడుతున్నావు. ఇది ఎవరు కొన్నారు?"

నేను శ్రీ వైపు చూశాను. శ్రీ గడ్డి వైపు చూశాడు.

"మోసేవాడు తేలికది కొంటాడు" అంది ఆవిడ. "కాల్చేవాడు బరువుది కొంటాడు. తూటా ఎంత పెద్దదైతే తుపాకి అంత బరువుండాలి. బరువుంటే ఆ తన్నంతా అదే తింటుంది. లేకపోతే నీ భుజం తింటుంది."

"కానీ మేడమ్, ఆమె చిన్న మనిషి" అన్నాడు శ్రీ.

"అందుకే" అంది లొరేన్.

కొత్త తుపాకి కొనక్కర్లేదంది. భుజానికి ఆనించే చెక్క చివర రబ్బరు ఊడదీసింది. లోపల చెక్క డొల్లగా ఉంది. అల్మారాలోంచి సీసం గుళ్ల డబ్బా తీసి, అట్ల పిండి పోసుకునే గరిటెతో డొల్లలోకి పోసింది. గలగల కదలకుండా పైన దూది కుక్కింది. ఎడమచెయ్యి పట్టుకునే ముందు చెక్కలో కూడా కాస్త పోసింది, లేకపోతే ముందువైపు తేలిపోతుందట.

ఆ సీసం చూడగానే నాకు మా కొట్టు గుర్తొచ్చింది. నాన్న తక్కెడ పక్కన ఇనుప తూకంరాళ్లు ఉండేవి. వాటిని తిరగేస్తే అడుగున చిన్న గుంట, అందులో సీసం, సీసం మీద తూనికలు కొలతల ఆఫీసు ముద్ర. బరువు తగ్గిన రాయికి సీసం పోసి సరిచేసేవాళ్లు. చిన్నప్పుడు నా పని ఆ రాళ్లు అందివ్వడం. కత్తి మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒక్కసారి ఇచ్చాడు. నాకు పదకొండేళ్లు. ఆదివారం, కొట్టు కిక్కిరిసి ఉంది, నేను కొడతానని ఏడ్చి గోలచేశాను. నాన్న మాంసం కొట్టే మొద్దు మీదున్న పెద్దకత్తి ఇవ్వలేదు. "ఆడపిల్లవి, అది నీకు బరువు" అని కూరగాయలు తరిగే తేలిక కత్తి ఇచ్చాడు. తేలిక కత్తి ఎముక మీద నిలవదు. బలం పెట్టి కొట్టాను, జారింది. ఎడమ బొటనవేలి మొదట్లో నాలుగు కుట్లు పడ్డాయి. అమ్మ నాన్నని నెలరోజులు తిట్టింది. ఆ తర్వాత నేనూ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. కానీ కుర్రాళ్లకి పని నేర్పేటప్పుడు నాన్న చెప్పే మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "కత్తి బరువే కొడుద్దిరా. చెయ్యి దారి చూపిస్తదంతే."

ఇరవయ్యేళ్లుగా తెలిసిన మాట. తుపాకి కొనేటప్పుడు ఒక్కసారైనా గుర్తురావాలి కదా! నామీద నాకే ఒళ్లు మండిపోయింది.

లొరేన్ పనయ్యాక శ్రీ లగేజీ తూకం తీశాడు. నాలుగు కిలోల యాభై గ్రాములు. కీక్‌మంది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో పెట్టే మొహమే పెట్టాడు.

మళ్లీ కాల్చాను. తన్నలేదని కాదు. ఈసారి తన్నుకీ తోపుకీ ఉన్న తేడా తెలిసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. మూడు తూటాలు, రెండు ప్లేట్‌లో, ఒకటి బయట.

"ఇంకో మూడు?" అన్నాడు శ్రీ.

"వద్దు" అంది లొరేన్. "భుజం భయం నేర్చుకోవడానికి నెల పట్టింది, మర్చిపోవడానికి ఒక రాత్రైనా ఇవ్వండి."

స్కోప్‌కీ సీసానికీ కలిపి నలభై డాలర్లు తీసుకుంది. వెళ్లేటప్పుడు శ్రీ చేతిలోని లగేజీ తూకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎక్కడ దొరుకుతుందని అడిగింది. శ్రీ దాన్ని ఆవిడకే ఇచ్చేశాడు. పెళ్లయిన ఏడేళ్లలో అతను ఓడిపోయానని ఒప్పుకోవడం నేను చూసింది అప్పుడే.

మూడో రోజు: వేట వేపుడు

సౌత్ డకోటాలో చలి వేరు. కారు దిగగానే ముక్కు మనది కాదనిపిస్తుంది. పార్కు పక్క ఊళ్లో భోజనానికి వెళితే మెనూలో "చిజ్లిక్" అని ఉంది. ఏంటని అడిగితే మటన్ ముక్కలు నూనెలో వేయించి, ఉప్పు జల్లి, టూత్‌పిక్ గుచ్చి ఇస్తామన్నారు. ఎప్పుడో రష్యా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జర్మన్ రైతులు తెచ్చిన వంటకమట. పన్నెండు డాలర్లు. నోట్లో పెట్టుకున్నాను. అచ్చం మా అమ్మ కారం వేయకముందు పక్కన పెట్టే వేట వేపుడు. మా ఇంటికి ఇంత దూరంలో వీళ్లు సరిగ్గా సగం వరకూ వండి ఆపేశారు. నా సంచీలోంచి కారప్పొడి తీసి మిగతా సగం నేను పూర్తిచేశాను. పక్క టేబుల్ పెద్దాయన కాస్త అడిగాడు. తిన్నాడు, దగ్గాడు, ఇంకాస్త అడిగాడు.

ఆ పెద్దాయనే మర్నాడు మాకు గైడు. పేరు గ్లెన్. పార్కులో మంద వెనకాల తిరగడం ఆయన ఉద్యోగం, ఇంటి దగ్గర సొంత షెడ్డులో మాంసం కొట్టివ్వడం పక్క వ్యాపారం. కాల్చడం వచ్చో రాదో చూడందే ఎవర్నీ మంద దగ్గరికి తీసుకెళ్లనన్నాడు. నేను నా ప్లేట్ లెక్క చెప్పాను. ఆయనకి నచ్చింది.

మధ్యాహ్నం రేంజ్‌కి వెళ్లాం. శ్రీ ప్లేట్ తగిలించి వచ్చి వెనక నిలబడ్డాడు. మొదటిది ప్లేట్‌లో పడింది. రెండోదీ పడింది. మూడోదానికి ముందు ఆగాను. ఇది బయటికి పోతే ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతో వెనక్కి పోవాలి. జన్మకి ఒక్కసారే. ఇంకోపక్క, ఇది పోతేనే బాగుండు, ఏ జంతువునీ చంపక్కర్లేదు కదా అని కూడా ఉంది. ఆ రెండో మాట నేను ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. బొటనవేలి మచ్చ మీద తుపాకి బరువు ఆనింది. చెయ్యి వణకలేదు. మోటెల్ ఆంటీ గుర్తొచ్చింది.

మూడోది మధ్యలో పడింది.

శ్రీ పరిగెత్తుకెళ్లి ప్లేట్ తెచ్చి, మూడు చిల్లుల్లోంచి ఆకాశం చూశాడు. "ఇందుల మాత్రం ఇడ్లీ తినలేం" అన్నాడు.

నాలుగో రోజు: మంద

పొద్దున్నే గ్లెన్ ట్రక్కులో కొంత దూరం, తర్వాత నడక. తుపాకి నేనే మోశాను. శ్రీ మోస్తానన్నాడు, ఇవ్వలేదు. నాలుగు కిలోలు కొండ మీద నాలుగు కిలోల్లా ఉండవు, ఆ విషయంలో శ్రీ అన్నది నిజమే. రెండుసార్లు కూర్చున్నాను. బరువు మోయాల్సిన గంట వేరు, కావాల్సిన నిమిషం వేరు. కొనేటప్పుడు అందరం ఆ గంట గురించే ఆలోచిస్తాం.

గుట్ట దాటగానే మంద. నలభై దాకా ఉన్నాయి. వాటి ఊపిరి పొగలా లేస్తోంది. ఇంత పెద్ద జంతువులు గడ్డి పీకుతుంటే వచ్చే చప్పుడు ఇంత చిన్నగా ఉంటుందని నేననుకోలేదు. గ్లెన్ ఎడమవైపున్న ఒక ముసలి ఆడదున్నని చూపించాడు. ఒక కొమ్ము వంకర. దాని వెనక ఇంకోటి నిలబడి ఉంది, తూటా దూసుకెళ్లి దానికి తగిలే ప్రమాదం. "అది తప్పుకునేదాకా ఆగు" అన్నాడు.

మూడు కర్రల స్టాండ్ మీద తుపాకి ఆనించి నిలబడ్డాను. ఒక నిమిషం, రెండు, అయిదు. గాలి ఈడ్చి కొడుతోంది. బరువైన తుపాకి కర్రల మీద బుద్ధిగా కూర్చుంది. ఆ మూడు కిలోలదైతే ఈపాటికి గాలికి ఊగుతూ ఉండేది. వెనకది ఎంతకీ కదలదు. శ్రీ నా వెనక ఏదో గొణుగుతున్నాడు. హనుమాన్ చాలీసా. మేం వేటాడుతున్నదానికీ ఆయనకీ ఏం సంబంధమో నాకు తెలియదు.

వెనకది పక్కకి జరిగింది.

నేను నొక్కిన సంగతి నాకు గుర్తులేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, అది గుర్తుంది. ముసలిది నాలుగడుగులు వేసింది. ముందుకాళ్లు మడిచింది, పడుకోవడానికి చోటు చూసుకున్నట్టే. పక్కకి ఒరిగింది. మళ్లీ కదల్లేదు. గ్లెన్ రెండో తూటాకి సిద్ధంగా ఉండమన్నాడు. ఉన్నాను. కాసేపటికి ఆయనే నా తుపాకి గొట్టాన్ని మెల్లగా కిందికి దించాడు.

మిగతా దున్నలు దాని చుట్టూ చేరి వాసన చూశాయి. ఒకటి తలతో నెట్టింది. అవి వెళ్లేదాకా మేం దగ్గరికి వెళ్లలేదు, అరగంట పట్టింది. నాకు ఏడుపొచ్చింది. గర్వమూ కాదు, పశ్చాత్తాపమూ కాదు, ఏడుపే. దగ్గరికెళ్లి దాని నుదుటి మీద చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగా ఉంది. క్షమించమని తెలుగులోనే అడిగాను. శ్రీ కూడా కళ్లు తుడుచుకున్నాడు, చలికన్నాడు.

నాన్నకి ఒక్క మాట వాయిస్ మెసేజ్ పెట్టాను: "ఒక్క వేటే నాన్నా."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

అయిదో రోజు: గ్లెన్ షెడ్డు

రాత్రంతా మాంసం చలిలో వేలాడింది. పొద్దున్న బెంటన్‌విల్ వాట్సాప్ గ్రూపులో, అడవిదున్న ఆవు కిందికొస్తుందా గేదె కిందికొస్తుందా అని చర్చ నడుస్తోంది. ఆవు కిందికే వస్తుందని వాదించిన ఇద్దరూ నాకు విడిగా మెసేజ్ పెట్టి, ఊరికే చూడ్డానికి ఒక కిలో ఉంచమన్నారు.

షెడ్డులోకి వెళ్లేసరికి మొద్దు కనబడింది. అచ్చం మా కొట్టులో మొద్దే, మధ్యలో గుంట పడి. నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం, కొట్టు కట్టేసి కూర్చుని ఉన్నాడు. ఫోన్ శ్రీకి ఇచ్చి పట్టుకోమన్నాను.

నాన్న జంతువు గురించి అడగలేదు. "తుపాకి చూపించు" అన్నాడు. శ్రీ తెచ్చి చూపించాడు. సీసం పోయించానని చెప్పాను, ఎక్కడ పోశారో చూపించమన్నాడు. చెక్క చివర చూశాడు. "ఎంత తూగుద్ది?"

"నాలుగు కిలోలు మామయ్యా. నేను మూడు కిలోలది కొన్న, తేలికుంటదని" అన్నాడు శ్రీ, అడక్కుండానే.

నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నేనూ అంతే బాబూ" అన్నాడు. "ఆ మెసేజీ నిన్నట్నుంచి పదిసార్లు విన్నానమ్మా."

అంతలో గ్లెన్ నా చేతికి ఒక ఏప్రన్ ఇచ్చి, పక్కటెముకలు కొడతావా అని అడిగాడు. కొడతానన్నాను. ఆయన గోడకి వేలాడుతున్న కత్తుల్ని చూసి, నన్ను చూసి, అన్నిటికంటే చిన్నది తీసిచ్చాడు.

"ఆగమ్మా" అన్నాడు నాన్న ఫోన్‌లోంచి. "ఆ రోజు నేను చేసిన తప్పే ఆయనా చేస్తన్నాడు. పెద్దకత్తి అడుగు."

అడిగాను.